సంగటి ముద్దలో సొరంగం

చిత్తూరు

తిరుపతిలోని నా చిట్టి మనవళ్లకు,

చెన్నై పోయొచ్చి మీరడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. మెట్రో సొరంగం తవ్వే చోట పక్క బిల్డింగు గోడకు చిన్న అద్దపు బిళ్లలు ఎందుకు అతికించారనే కదా? ఆ బిల్డింగు కదులుతోందేమో చూడడానికి. కదిలినా మిల్లీమీటర్లలోనే, కంటికి ఆనదు. దూరంగా పెట్టిన యంత్రం ఆ అద్దాలను చూసి కొలుస్తుంది.

ఎక్కడో కింద తవ్వితే పైన ఇల్లెందుకు కదలాలి? అమ్మ వేడివేడిగా సంగటి పెట్టినప్పుడు చూడండి. నేల కింది బంకమట్టి కూడా అట్లాగే మెత్తగా అతుక్కుంటూ ఉంటుంది. ముద్దలో కడిగిన కొబ్బరి ఈనెలు రెండు నిలువుగా గుచ్చండి, ఒకటి పొట్టిది, ఒకటి అడుగుదాకా. పెద్ద బిల్డింగుల కింద పైల్స్ అనే పొడుగాటి పునాది స్తంభాలు ఇట్లాగే దిగి ఉంటాయి. బంకమట్టిలో వాటి బరువును ఎక్కువగా మోసేది ఒళ్లంతా పట్టుకున్న మట్టే. ఇప్పుడు పొట్టి ఈనె కిందుగా, పొడుగు ఈనె పక్కగా పోయేటట్టు వేలు దూర్చి మెల్లగా తీయండి. చుట్టూ ఉన్న సంగటి బొక్కలోకి జరుగుతుంది, పైన చిన్న పల్లం పడుతుంది. పొట్టి ఈనె సంగటితో పాటే దిగుతుంది. పొడుగుది అంత దిగదు గానీ బొక్క వైపు వంగుతుంది. పైల్‌ను పట్టుకుని నిలబెట్టిన మట్టే దాన్ని కిందికి లాగుతుందన్నమాట! మెట్రో సొరంగంలో తవ్వే యంత్రం తవ్వుతూనే కాంక్రీటు రింగులు బిగించి, చుట్టూ సందును సిమెంటు పాలతో నింపినా, అప్పటికే మట్టి కాస్త జరిగిపోతుంది.

నా చిన్నప్పుడు మా మడి గెనిమ మీద ఎనుమును కట్టే గుంజ ఉండేది. దాని పక్కనే ఎండ్రకాయ బొక్క చేసింది. ఆరోజు గుంజకేమీ కాలేదు. పది రోజులకు బొక్క వైపు వాలింది. నేనే ఊపినానని మా నాయన తిట్టినాడు, ఎంత చెప్పినా నమ్మలేదు. తొందరపడి ఎవరినీ అనకూడదని నాకు అప్పుడే తెలిసింది. బంకమట్టిలో నీళ్లు చాలా మెల్లగా కదులుతాయి. తవ్వకం అయిపోయినా, ఆ నీళ్లు కదిలి మట్టి సర్దుకోవడానికి నెలలు, ఒక్కోచోట ఏళ్లు పడుతుంది. అందుకే తవ్వే రోజు ఒక్కసారి కొలిస్తే చాలదు.

లండన్‌లోనూ బంకమట్టే. 1990లలో బిగ్ బెన్ గడియారపు గోపురం పక్కనే రైలు సొరంగాలు తవ్వినప్పుడు, దాని కింది మట్టిలోకి గొట్టాలతో సిమెంటు పాలు ఎక్కించి, ఒరుగును అదుపులో పెట్టారు. అంత బరువును మట్టిలోంచే సర్దినారంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ఆదివారం అమ్మను సంగటి కెలకమనండి. పొట్టి ఈనె ఎంత దిగిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాత