చీము పట్టిన పన్నుకు మత్తు ఎందుకు ఎక్కదు?

రెండుసార్లు ఇంజెక్షన్ చేసినా పన్ను మొద్దుబారలేదని, బహుశా తన ఒంటికి మత్తుమందు పడదేమోనని ఒక పాఠకురాలు రాశారు. ఈ అనుమానం చాలామందిలో ఉంది. ఒంటి తత్వాన్ని తప్పుపట్టే ముందు ఆ పన్ను చుట్టూ పెరిగిన ఆమ్లతను చూడాలి.

స్వీడన్‌లో 1943లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకెయిన్ అనే మత్తుమందు, నాడీతంతువులోని సోడియం ద్వారాలను మూసి నొప్పి సంకేతాన్ని ఆపుతుంది. అయితే ఆ ద్వారానికి గడియ లోపలివైపే ఉంది. తంతువు కొవ్వుపొరను దాటగలిగేది విద్యుదావేశం లేని అణువు. లోపలికి చేరాక అదే అణువు ప్రోటాన్‌ను కలుపుకొని, ఆవేశం పొంది, గడియ వేస్తుంది. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు. ఈ రెండు రూపాలూ సరిసమానంగా ఉండే పీహెచ్ దాదాపు 7.9. ఆరోగ్యకరమైన కణజాలంలో పీహెచ్ 7.4 కాబట్టి సుమారు నాలుగో వంతు అణువులు లోపలికి పోగల స్థితిలో ఉంటాయి. చీము వల్ల అది 6.4కు దిగితే ఆ వాటా దాదాపు 3 శాతానికి పడిపోతుంది. మందు మోతాదు మారలేదు, కానీ గడియ వేయవలసిన అణువుల్లో అత్యధికం గుమ్మం బయటే ఆగిపోయాయి. పీహెచ్ లాగరిథమ్ కొలత అని బట్టీపట్టించే బదులు విద్యార్థుల చేత ఈ ఒక్క లెక్క చేయిస్తే ఎంత బాగుంటుంది! దీనికి తోడు వాచిన చోట రక్తనాళాలు విప్పారి మందును త్వరగా లాగేసుకుంటాయి, నాడి కూడా మామూలుకంటే సున్నితంగా మారుతుంది.

అందుకే కింది దవడ పన్నుకైతే చీముకు దూరంగా, నాడి ఎముకలోకి దిగే రంధ్రం దగ్గరే మందు ఇస్తారు. దానికి నోరు బాగా తెరుచుకోవాలి. ఇన్ఫెక్షన్ నమిలే కండరాలకు పాకితే దవడలు బిగుసుకుపోతాయి. అప్పుడు దంతవైద్యులు వజీరాణి 1960లోను, అకినోసి 1977లోను వివరించిన పద్ధతి అక్కరకొస్తుంది: పళ్లు కలిసి ఉండగానే, సూదిని పైపళ్లకూ బుగ్గకూ నడుమ నుంచి వెనక్కి పోనిస్తారు.

పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తే ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. నొప్పితో బిగిసిన కండరం సడలింపు మందుకు సాధారణంగా లొంగుతుంది. దవడ కీలులో ఎముకలు అతుక్కుపోతే ఏ మందూ నోటిని తెరవలేదు, నిద్రపోయిన రోగికి శ్వాసగొట్టం వేయడం ప్రాణాంతక సమస్య అవుతుంది. కాబట్టి కీలు బిగిసిన రోగికి మెలకువలో ఉండగానే ముక్కును, గొంతును మొద్దుబార్చి, సన్నని కెమెరా గొట్టం చూపిన దారిలో ముక్కు గుండా శ్వాసగొట్టాన్ని పంపి, అది శ్వాసనాళంలో ఉందని నిర్ధారించుకున్నాకే నిద్రపుచ్చుతారు.