గడ్డికి వల ఎందుకు కట్టామంటే

చిన్నీ, బన్నీ,

మీ అమ్మకు పంపిన వీడియో చూసి ఇద్దరూ ఒకటే గోల చేశారట, పెద్దమ్మ గుర్రానికి కడుపునిండా గడ్డి పెట్టకుండా వలలో దాచి ఏడిపిస్తోందని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. అర్థం కాకపోతే మీ అమ్మను కాదు, నన్నే అడగండి.

మనూళ్లో నూర్పిడి రోజుల్లో ఎడ్లు గింజ మీద నోరు పెట్టకుండా మూతికి చిక్కం కట్టేవాళ్లు, ఆ వల చూసి మీకు అదే గుర్తొచ్చి ఉంటుంది. కానీ ఇక్కడ వల గుర్రం మూతికి కట్టలేదు, గడ్డికి కట్టాం. గట్టి నైలాను దారంతో అల్లిన సంచీ అది, కళ్లు, అంటే అల్లిక మధ్య కంతలు, చిన్నచిన్నగా ఉంటాయి. లోపల ఎండుగడ్డి కూరి మూతి బిగిస్తాం. మా గుర్రం డైసీ ఏం చేస్తుందో ఈసారి వీడియోలో సరిగ్గా చూడండి. ముందు పై పెదవితో వలంతా తడుముతుంది, ఎక్కడ రెండు పోచలు బయటికి పొడుచుకొచ్చాయో కనిపెడుతుంది, వాటిని ముందుపళ్లతో పట్టి పక్కకు లాగుతుంది, తల కాస్త వాల్చి దవడ అటూ ఇటూ తిప్పుతూ నమిలి మింగి, మళ్లీ పెదవి పని మొదలుపెడుతుంది. అదే గడ్డి కింద పోశామనుకోండి, నోటినిండా పట్టి లాగించేస్తుంది. ఇంత గడ్డి అని మేం లెక్క కట్టింది వల ఉన్నా లేకపోయినా అంతే, తినే టైము మాత్రం సాగుతుంది. తక్కువ పెట్టడం వేరు, నెమ్మదిగా తినేలా పెట్టడం వేరు, ఈ తేడా తెలియకే మీకు నా మీద కోపం వచ్చింది.

నెమ్మదిగా తినడం దానికెందుకంత ముఖ్యమంటే గేదెతో పోల్చి చెబుతాను, అది మీకు తెలిసిన జీవం కాబట్టి. గేదె గబగబా మేసేసి, నీడన పడుకుని గంటలకొద్దీ నెమరేస్తుంది. దాని పెద్ద పొట్టలో వంద లీటర్ల పైమాటే పడుతుంది, ముందు నింపుకుని తర్వాత నములుకోవచ్చు. గుర్రానికి నెమరు లేదు. నమిలేది ఒక్కసారే, నోట్లో పెట్టుకున్నప్పుడే. ఇంత పెద్ద జంతువుకు జీర్ణాశయం చూస్తే 8 నుంచి 15 లీటర్లే. కొంచెం కొంచెంగా రోజంతా మేయడానికి పుట్టిన జంతువు అది, పచ్చిక బయల్లో దాని మానాన దాన్ని వదిలేస్తే రాత్రీ పగలూ కలిపి పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి, గుర్రం జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం ఆగదు, గడ్డి ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం. గుర్రానికి ఆ లాలాజలం నమిలినప్పుడే ఊరుతుంది, మనలాగా పులిహోర వాసన తగిలితే నోరూరడం ఉండదు. అంటే నోరు ఖాళీగా ఉన్నంతసేపూ లోపల ఆమ్లం పేరుకుంటుంది. జీర్ణాశయం పైభాగంలో దాన్ని తట్టుకునే జిగురు పొర లేదు, అక్కడే పుండ్లు పడతాయి. పరుగు తీసినప్పుడు ఆ ఆమ్లం పైకి ఎగజిమ్మి ఇంకా మండుతుంది, అందుకే సవారీకి ముందు కాసిని గడ్డిపరకలు తినిపించి గాని జీను వెయ్యం.

గింజలైతే ఇంకా తొందరగా అయిపోతాయి. మన వైపు పూర్వం గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్లు కదా, బలమైన దాణానే, కాదనను. కాకపోతే కిలో గింజలు పది నిమిషాల్లో లోపలికి పోతాయి, కిలో ఎండుగడ్డి నమలాలంటే నలభై నిమిషాలు పడుతుంది. మనం చూసుకోవాల్సింది నమిలే ఆ టైమునే. అది చాలకపోతే గుర్రం ఊరికే నిలబడదు, కొట్టం కర్రలు కొరుకుతుంది, కంచె గుంజలు కొరుకుతుంది, ఒక్కోసారి తన పేడే తింటుంది. చూసినవాళ్లు పొగరు అంటారు. దానికి పొగరేం లేదు, నమలడానికి ఏమీ దొరక్క అలా చేస్తుంది, పాపం.

అలాంటప్పుడు రోజంతా ముందు గడ్డి పోసి ఉంచితే సరిపోదా అని బన్నీ అడుగుతాడని తెలుసు. కొన్ని గుర్రాలకు సరిపోతుంది. డైసీకి సరిపోదు. అది క్వార్టర్ హార్స్ జాతి, గాలి పీల్చినా ఒళ్లు చేసే రకం. ఇక్కడ టెక్సస్‌లో వసంతకాలంలో పచ్చిక లేతగా, చక్కెర పట్టి ఉంటుంది, అది ఇష్టమొచ్చినట్టు మేసి మెడ మీద జూలు కింద కొవ్వు గట్టిగా దిమ్మలాగా కట్టింది. ఈ లావుతో వచ్చే జబ్బు పేరు లామినైటిస్. గుర్రం డెక్క లోపల ఎముకను బయటి గోడకు పట్టి ఉంచే సన్నటి పొరలుంటాయి, ఒంట్లో ఇన్సులిన్ బాగా పెరిగిపోతే ఆ పొరలు సాగి వదులైపోతాయి, గుర్రం బరువంతా మోసే ఎముక లోపలే జారుతుంది. ఆ నొప్పి ఎలా ఉంటుందంటే ముందుకాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది, ఒక్క అడుగు వెయ్యడానికి వణుకుతుంది. మళ్లీ కోలుకోని గుర్రాలూ ఉన్నాయి. ఇది తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఇక్కడ మనుషులు చేసే పెద్ద పొరపాటేంటంటే లావైందని పస్తు పెట్టడం. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత పడేసి మధ్యలో పన్నెండు గంటలు ఖాళీ నోటితో నిలబెడతారు. పొట్టి గుర్రాలకూ గాడిదలకూ అయితే పస్తు ప్రాణం మీదికే వస్తుంది, ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి దిగి కాలేయం దెబ్బతింటుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. లావు గుర్రానికైనా గడ్డి మానకూడదు, కొలిచి పెట్టాలి, ఆ కొలిచిందాన్ని రోజంతా సాగదీయాలి. మొదటి పనికి త్రాసు, రెండో పనికి వల.

డైసీ లెక్క చెబుతాను, చిన్నీ, నువ్వు కాగితం మీద వేసి చూడు. బరువు సుమారు 500 కిలోలు. ఒళ్లు తగ్గాల్సిన గుర్రానికి వెట్, అంటే పశువుల డాక్టరు, సాధారణంగా చెప్పేది ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు మేత, అదీ తేమ తీసేసిన లెక్కలో, అంటే 7.5 కిలోలు. ఎండుగడ్డిలో నూటికి పది వంతులు తేమ ఉంటుందనుకుంటే తూకానికి 8 కిలోల పైచిలుకు వస్తుంది. దాన్ని నాలుగు వలల్లో సర్దుతాం. మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్నే కొలిచి 2014లో ప్రచురించారు. నేల మీద పోస్తే గుర్రాలు గంటకు కిలోన్నర దాకా తిన్నాయి, 15 సెంటీమీటర్ల పెద్ద కన్ను వలలో 1.3 కిలోలు, 4.4 సెంటీమీటర్ల కన్నులో 1.1, 3.2 సెంటీమీటర్ల చిన్న కన్నులో 0.9 కిలోలు. పెద్ద కన్ను వల కట్టినా కట్టకపోయినా పెద్ద తేడా లేదని దీన్నిబట్టే తెలుస్తోంది. చిన్న కన్ను వలతో మాత్రం గంటా పావులో అయిపోయే గడ్డి రెండు గంటలు వస్తుంది. అన్నింట్లోకీ పెద్ద వల రాత్రికి ఉంచుతాం, నాలుగైదు గంటలకు మించి నోరు ఖాళీ కాకుండా చూడటమే మా ప్రయత్నం. ఎక్కువ ఖాళీ వచ్చే రోజుల్లో ఒక వల మీద ఇంకో వల తొడుగుతాను.

తూకం వేయకుండా వల నిండా కూరి పెట్టేసి ఇక లావు తగ్గిపోతుంది అనుకునేవాళ్లున్నారు. తగ్గదు. కొన్నాళ్లకు గుర్రానికి కిటుకు తెలిసిపోతుంది, ఇంచుమించు ముందులాగే తినేస్తుంది. అందుకే మీ పెదనాన్న కొట్టంలో కొక్కేనికి త్రాసు వేలాడదీశారు, వలతో సహా తూచి వల బరువు తీసేస్తాం. రెండు వారాలకోసారి డైసీ పక్కటెముకల మీద అరచేయి పెట్టి జరుపుతాను. ఎముకలు కంటికి కనపడకుండా చేతికి తేలిగ్గా తగలాలి, అదీ సరైన ఒళ్లు. దీనికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది, 1983లో ఈ టెక్సస్ విశ్వవిద్యాలయాల్లోనే ఒకదాని నుంచి వచ్చింది, అయిదు వస్తే బాగున్నట్టు.

కొత్తగా వల కట్టేటప్పుడు తొందరపడకూడదు. ఆకలి మీదున్న గుర్రానికి ఒక్కసారిగా చిన్న కన్ను వల ఇస్తే కోపంతో తల విదిలించి వలను పట్టి గుంజుతుంది, పళ్లతో కొరికి చించుతుంది. మొదట్లో పెద్ద కన్నుది కట్టి, పక్కనే కాస్త విడిగడ్డి కూడా పోయాలి, ఆ విడిగడ్డి తింటూనే వలలోంచి లాక్కోవడం నేర్చుకుంటుంది. ఎత్తు విషయం ఇంకా ముఖ్యం. ఎత్తున వేలాడదీస్తే దుమ్మంతా కళ్లలో ముక్కులో పడుతుంది, మెడ కూడా పట్టేస్తుంది. గుర్రం తల వంచి మేసే జీవం, తల కిందికుంటేనే ముక్కులోని చీమిడి, దుమ్ము బయటికి జారిపోతాయి. డైసీకి నాడాలు లేవు కాబట్టి దాని వల తొట్టిలో పెట్టి కిందే ఉంచుతాం. నాడాలు కొట్టిన గుర్రానికి అలా చేయకండి, నాడా అంచు వల కంటిలో ఇరుక్కుంటే కాలు విరగ్గొట్టుకుంటుంది. అలాంటి వాటికి వల ఖాళీ అయి సాగినా డెక్క అందనంత ఎత్తులో కట్టాలి, లేదా పెట్టెలో బిగించాలి. కట్టే ముడి ఒక్క లాగుతో ఊడాలి. ముడికీ గుంజకీ మధ్య సన్నటి పురికొస వేస్తే, ప్రమాదం వస్తే ముందు అదే తెగిపోతుంది.

మా ప్రాంతంలో దొరికేది ఎక్కువగా కోస్టల్ బెర్ముడా అనే గడ్డి, పోచలు జుట్టంత సన్నం. నమలకుండా మింగితే చిన్నపేగు చివర ఉండకట్టి అడ్డం పడుతుంది. గుర్రం కక్కలేదు చూశారూ, ఏదైనా లోపలికి పోయిందంటే ముందుకే పోవాలి, అడ్డం పడితే కోలిక్, అంటే భరించలేని కడుపునొప్పి. వలలోంచి కొంచెం కొంచెంగా లాక్కుని నమిలితే ఆ భయం తగ్గుతుంది. పక్కనే నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి, ఎండుగడ్డి తినే గుర్రం మామూలు రోజుల్లోనే ముప్ఫై లీటర్ల దాకా తాగుతుంది, ఈ ఎండలకైతే ఇంకా ఎక్కువ. గడ్డిలో చక్కెర తగ్గించాలంటే వలతో సహా అరగంట నుంచి గంట దాకా చల్లటి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తాం. ఎండాకాలంలో నానిన గడ్డి తొందరగా పులిసిపోతుంది, మిగిలితే తీసి పారేయాలి.

ఖర్చు కూడా కలిసొస్తుంది. అదే మినెసోటా వాళ్లు పెద్ద గుండ్రటి గడ్డి మోపును ఏ అడ్డూ లేకుండా పొలంలో వదిలేసి చూస్తే నూటికి 57 వంతులు తొక్కుడుకే పోయింది. మోపంతటికీ వల తొడిగితే ఆరు వంతులే పోయింది. 2011లో ఇక్కడ పెద్ద కరువొచ్చి గడ్డికి కటకటలాడారు, అలాంటి ఏడాది ఈ తేడా ఎంతో మీరే ఆలోచించండి.

చిన్ని ఇంకోటి అడిగింది, పళ్లు అరిగిపోవా అని. మంచి ప్రశ్న. గుర్రం పళ్లు ఎలాగూ జీవితాంతం కొంచెం కొంచెంగా పైకొస్తూ అరుగుతూ ఉంటాయి. మెత్తటి దారం వలతో డైసీకి ఇప్పటిదాకా ఇబ్బంది లేదు, ఏటా వెట్ వచ్చి నోరు తెరిపించి చూస్తారు. ఇనుప జాలీ మాత్రం నేను చస్తే వాడను, దాని మీద పళ్లు రాసుకుంటే పాడైపోతాయి. వలకు చిల్లు పడితే ఆ రోజే కుట్టేయాలి, లేకపోతే మర్నాటికి డైసీ మూతంతా అందులోనే ఉంటుంది. ఈసారి కుట్టేటప్పుడు వీడియో తీసి పంపుతాను, ముడి ఎలా వెయ్యాలో నేర్చుకోండి, సెలవుల్లో వచ్చినప్పుడు ఆ పని మీ ఇద్దరిదే.

మీ పెద్దమ్మ