ఎంజీబీకి నల్ల బంపర్ ఎందుకొచ్చింది? పీకేసే ముందు తెలుసుకోవాల్సిన కథ

పాత బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్లంటే ఇష్టపడేవాళ్ల దగ్గర ఎంజీబీ పేరెత్తితే ముందు అడిగేది ఒక్కటే, క్రోమ్ బంపరా, రబ్బరు బంపరా అని. క్రోమ్ అంటే గౌరవం, రబ్బరు అంటే చిన్నచూపు, ధరలో కూడా ఆ తేడా ఉంటుంది. నా కారు 1975 మోడల్, అమెరికాకి పంపిన రబ్బరు బంపర్‌ది, అందుకే "ఆ నల్ల మూతి తీసేసి క్రోమ్ పెట్టించుకో" అనే సలహా కారు చూసిన ప్రతివాళ్లూ ఇస్తారు. పెట్టించుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ బంపర్ ఎందుకొచ్చింది, దానితో పాటు కారులో ఇంకేం మారిపోయాయి అన్నది తెలియకుండా గ్రైండర్ పట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు.

ఎంజీబీ 1962లో ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. 1,798 సీసీ ఇంజిన్, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచిన 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా ఈ కుటుంబానిదే, కాబట్టి అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసిన మెకానిక్కి ఎంజీబీ ఇంజిన్ మరీ కొత్తగా ఏమీ అనిపించదు. మొదటి కార్లకి సన్నటి క్రోమ్ బంపర్లు, ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లు, వాటి కింద మడ్‌గార్డుల ముందు భాగంలోనే పార్కింగ్ లైటూ ఇండికేటరూ ఉండేవి. అందంగా ఉండేది, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ బంపర్ అలంకారానికే తప్ప దెబ్బ కాయడానికి కాదు, పార్కింగ్‌లో ఎవరైనా కాస్త గట్టిగా ఆనించారంటే ముందు పోయేది లైట్లూ గ్రిల్లూనే.

ఆ కార్లలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లేవి, అందుకే వాషింగ్టన్‌లో రూలు మారిన ప్రతిసారీ ఆబింగ్డన్‌లో డ్రాయింగులు మారేవి. 1968లో అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణాలు అమల్లోకొచ్చి పక్కల లైటో రిఫ్లెక్టరో ఉండాలన్నాయి, 1970 కల్లా రెండూ ఉండాలన్నాయి. అసలు దెబ్బ 1972 సెప్టెంబర్ నుంచి మొదలైంది. 1973 మోడల్ కార్లు ముందు గంటకి 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్ల వేగంతో, వెనక రెండున్నర మైళ్ల వేగంతో గోడని గుద్దినా లైట్లు, పెట్రోలు ట్యాంకు లాంటి భద్రతకి సంబంధించినవి చెడిపోకూడదని రూలు పెట్టారు. మరుసటి ఏడాదికి వెనక కూడా 5 మైళ్లు చేశారు, పైగా నేల నుంచి 16 నుంచి 20 అంగుళాల ఎత్తులో లోలకంతో కొట్టి చూసే పరీక్ష వచ్చింది. బంపర్ ఎంత గట్టిది అన్న ప్రశ్నకి తోడు ఎంత ఎత్తులో ఉంది అన్నది కూడా చేరింది. ఇక్కడ గమనించాల్సింది, ఈ బంపర్ రూలు కాపాడమన్న వాటిలో లైట్లు ముందు వరసలో ఉన్నాయి. బంపర్ వేరు, లైట్లు వేరు అనుకుని మార్పులు చేయించేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

అప్పటికి ఎంజీబీ పన్నెండేళ్ల పాత డిజైను. కంపెనీని నడుపుతున్న బ్రిటిష్ లేలాండ్ దగ్గర డబ్బు లేదు, మొత్తం ముందు భాగం కొత్తగా గీసే ఉద్దేశమూ లేదు. మొదట క్రోమ్ బంపర్‌కి పెద్ద పెద్ద రబ్బరు ముక్కలు తగిలించి కొంతకాలం నెట్టుకొచ్చారు. 1974 చివరికి లోపల ఉక్కు, పైన నల్లటి పాలీయురేథేన్ (రబ్బరులా ఉండే ప్లాస్టిక్) తొడుగు ఉన్న పెద్ద బంపర్ బిగించి, ఇండికేటర్లని మడ్‌గార్డుల్లోంచి తీసి ఆ బంపర్‌లోకి దించేశారు. అమెరికా రూలు కోసం చేసిన పనే అయినా ఖర్చు కలిసొస్తుందని ఇంగ్లండ్‌లో అమ్మే కార్లకీ అదే పెట్టారు. నిజానికి ఆ బంపర్ ఆకారం కారు గీతల్లో బాగానే కలిసిపోయింది, అదే కాలంలో మిగతా కంపెనీలు తగిలించిన దూలాల్లాంటివి చూస్తే ఇది ఎంతో నయం.

కారుని పాడుచేసింది బంపర్ కంటే ఎత్తు. అమెరికా ఎత్తు లెక్కలకి సరిపోవాలని సస్పెన్షన్‌ని అంగుళం నుంచి అంగుళమున్నర దాకా పైకి లేపారు, అదే సమయంలో ఖర్చు తగ్గించడానికి 1975 మోడల్‌కి ముందు యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు వాలకుండా ఆపే కడ్డీ) కూడా తీసేశారు. మలుపుల్లో కారు ఒక పక్కకి వాలిపోతుందనే చెడ్డపేరు అక్కడి నుంచి వచ్చిందే. 1977 మోడల్ నుంచి ముందూ వెనకా బార్లు పెట్టి కొంత సరిచేశారు కానీ అప్పటికే పేరు పోయింది. 1980 అక్టోబర్‌లో ఆబింగ్డన్‌లో చివరి ఎంజీబీ తయారైంది, దాని రకాలన్నీ కలిపి 5 లక్షల 20 వేలకు పైగానే. ఆ తర్వాత రెండేళ్లకే, 1982లో, అమెరికా ప్రభుత్వం బంపర్ ప్రమాణాన్ని 5 మైళ్ల నుంచి రెండున్నరకి తగ్గించేసింది! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హెడ్‌లైట్ల కథ ఇంకా పాతది. 1940 మోడల్ కార్ల నుంచి అమెరికాలో సీల్డ్ బీమ్ దీపాలే వాడాలి, అంటే ఫిలమెంటు, అద్దం, రిఫ్లెక్టరు అన్నీ ఒకే ముక్క, మాడిపోతే మొత్తం మార్చాలి. యూరప్ హాలోజన్ బల్బులకి వెళ్లిపోయినా అమెరికా 1983 దాకా విడి బల్బు దీపాలకి ఒప్పుకోలేదు. మెర్సిడెస్ 107 ఎస్‌ఎల్ ఇందుకు మంచి ఉదాహరణ, యూరప్‌లో వెడల్పాటి అద్దం వెనక హాలోజన్ దీపాలు, అమెరికాకొస్తే నాలుగు గుండ్రటి సీల్డ్ బీమ్‌లు, ముందుకి పొడుచుకొచ్చిన బంపర్లు. ఇప్పుడు అమెరికాలో ఆ కారున్నవాళ్లు యూరప్ బంపర్లూ లైట్లూ వెతికి తెప్పించుకుంటున్నారంటే కారణం ఇదే.

ఎంజీబీలో హెడ్‌లైట్లని హాలోజన్‌కి మార్చడం తేలిక. ఏడంగుళాల గుండ్రటి చోటే కాబట్టి హెచ్4 (డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హాలోజన్ యూనిట్ నేరుగా కూర్చుంటుంది. రెండు విషయాలు మాత్రం చూసుకోవాలి. ఇంగ్లండ్ నుంచి తెప్పించిన హెడ్‌లైట్ అద్దం ఎడమవైపు నడిచే రోడ్లకి చేసింది, డిమ్‌లో కూడా వెలుగుని ఎడమ పక్కకి ఎత్తి వేస్తుంది, అమెరికా రోడ్ల మీద అది సరిగ్గా ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. రెండోది వైరింగ్. ఈ కారులో హెడ్‌లైట్ల కరెంటు అంతా డాష్‌బోర్డు స్విచ్, డిప్పర్ స్విచ్ గుండానే వెళ్తుంది, రిలే (ఎక్కువ కరెంటుని స్విచ్ మీద పడకుండా వేరే దారిన పంపే పరికరం) లేదు, ఆ లైనుకి ఫ్యూజు కూడా లేదు. 60/55 వాట్ల బల్బులు రెండు వేస్తే 9, 10 ఆంపియర్లు ఆ పాత స్విచ్‌ల మీదుగా పోతాయి, స్విచ్ వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోయి వెలుగు పసుపుగా మారుతుంది. బ్యాటరీ లైను నుంచి రెండు రిలేలు, విడిగా ఫ్యూజులు పెడితే పాత బల్బే కొత్తదానిలా వెలుగుతుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో చవక ఎల్‌ఈడీ బల్బు దూర్చడం మాత్రం వద్దు, వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్లకి టెన్షన్, మీకు రోడ్డు కనపడదు.

రబ్బరు నుంచి క్రోమ్‌కి మార్చడం అలా కాదు. బంపర్ విప్పి బంపర్ బిగిస్తే అయిపోదు. పాత బ్రాకెట్లు కోసేయాలి, ముందు మడ్‌గార్డుల్లో పార్కింగ్ లైట్లకి చోటు లేదు కాబట్టి వాటిని మార్చాలి లేదా కోసి వెల్డింగ్ చేయాలి, బంపర్ కింది వాలెన్స్ రేకు మార్చాలి, వెనక మడ్‌గార్డుల అడుగు మూలలకి రేకు అతకాలి, నంబర్ ప్లేటు లైటుకి వేరే చోటు చూడాలి, తర్వాత పెయింటు. ఇంతా చేసి ఎత్తు అలాగే వదిలేస్తే క్రోమ్ మెరుస్తూ కారు మాత్రం జీపులా నిలబడి ఉంటుంది. అందుకే ముందు పొట్టి స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీల దగ్గర దించే బ్లాకులు, ఒక యాంటీ రోల్ బార్ వేయించి కొన్నాళ్లు నడపమంటాను. నా కారుకి అంతవరకే చేయించాను, బంపర్ జోలికి పోలేదు, పోవాలని కూడా లేదు.

ఇండియాలో ఇలాంటి కారు ఉన్నవాళ్లకి ఇంకో లెక్క ఉంది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. 1974 చివరలో వచ్చిన రబ్బరు బంపర్ కార్లు ఇప్పుడు ఆ వయసుకి చేరాయి. రిలే పెట్టించినా, బల్బు మార్చినా మళ్లీ వెనక్కి తేవచ్చు. కోసి వెల్డింగ్ చేసిన బాడీని అలా తేలేం, ఆ పని ఒప్పుకునే ముందు రిజిస్ట్రేషన్ కాగితాలూ ఆ నిబంధనలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవండి.