కాలువ తవ్విన సంఘం

క్రైస్తవ సంఘానికి వచ్చే కానుకల్లో పేదల వాటా ఎంత? ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో ఈ చర్చ మొదలైతే 1876-78 నాటి ధాత కరువు దాకా వెళ్లక తప్పదు.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. పాతికేళ్లు గడిచినా చేరినవారు కొద్దిమందే. 1866లో ఒంగోలు వచ్చిన ఆ మిషన్ బోధకుడు జాన్ క్లౌ ముందు మొదట్లోనే ఒక చిక్కు వచ్చిపడింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పెద్దకులాల వారు తేల్చి చెప్పారు. ఆయన మాదిగలనే ఎంచుకున్నారు. తోలు వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య వంటివారు ఊరూరా తిరిగి సంఘాన్ని పల్లెల్లోకి తీసుకెళ్లారు.

తర్వాత ఆ ధాత కరువు వచ్చింది. మాదిగల బతుకు కళ్లంలో రైతు కొలిచే మేర, అంటే పనికి ఇచ్చే ధాన్యం వాటా మీద నడిచేది. చేను ఎండితే మేర లేదు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, సర్వే పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులే అక్కడ మేస్త్రీలు. వేరేచోట్ల మేస్త్రీల తిట్లు తిన్న మాదిగలకు ఇక్కడ మర్యాద, సరైన కూలి దొరికాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మరొకటి. కరువు పనులు నడిచినంత కాలం, జనం ఎంత అడిగినా, ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. కూలికీ మతానికీ ముడి పెట్టకూడదన్నదే కారణం. పనులు ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూడు కోసమే చేరారనే నింద నేటికీ వినిపిస్తుంది. అప్పటికి ఆ కూలి ఆగిపోయిందన్న సంగతి చెప్పేవారు తక్కువ.

ఆసుపత్రులు, బడులు, హాస్టళ్లు ఆ తర్వాత వచ్చాయి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్న దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలోకి రానివ్వలేదు. రాష్ట్రంలో వారికి వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ వర్గం కింద దక్కేది ఒక శాతం రిజర్వేషన్. అంటే సంఘం ఆదుకోవలసిన పేదలు చాలావరకు ఆ సంఘం బెంచీల మీదే కూర్చుని ఉన్నారు. మందిరం ప్రహరీకి చందా రాసే చిట్టాలోనే వితంతువుల మందులకు, కూలీల పిల్లల ఫీజులకు విడిగా ఒక పద్దు తెరవాలి. ఆ లెక్కను ఏటా సభ్యులందరి ముందూ చదవాలి.