రాగి చేలో రెండు రకాలు కలిపితే అగ్గితెగులు ఎందుకు తగ్గుతుంది?

కుప్పం, పలమనేరు వైపు రాగి గింజ పాలు పోసుకునే వేళ రాత్రిళ్లు మంచు కురిసి, పగలంతా మబ్బు పట్టిందంటే ముందుగా చూడాల్సింది కంకి మెడ. ఆకు మీద నూలుకండె ఆకారంలో, నడుమ బూడిద రంగు మచ్చలున్నా పంట గట్టెక్కవచ్చు. అదే అగ్గితెగులు మెడకు సోకి నల్లబడితే పైకి ఆహారం అందదు, కంకి తాలు పోతుంది.

అగ్గితెగులు తెచ్చేది ఒక బూజు. దాని బలమంతా అది పెరిగే లెక్కలో ఉంది. వాతావరణం కలిసొస్తే బూజు బీజం, అంటే గాలికి ఎగిరే కంటికి కనపడని రేణువు, ఆకు మీద పడిన వారంలోపే మచ్చ పడి, అక్కడి నుంచి కొత్త బీజాలు లేస్తాయి. ఒక్కో మచ్చ నాలుగు మచ్చలకు కారణమవుతుందనుకుందాం. ఐదు విడతలకు 1,024. చేలో సగం మొక్కలు తెగులును తట్టుకునేవైతే సగం బీజాలు వాటి మీద పడి వృథా అవుతాయి. అప్పుడు నాలుగు కాస్తా రెండవుతుంది, ఐదు విడతలకు 32. నిజం చేలో ఇంత తేడా రాదు, ఎందుకంటే చాలా బీజాలు పుట్టిన మొక్క మీదే పడతాయి. అయినా విడత విడతకూ తగ్గుతూ పోవడమే ఈ పద్ధతి బలం.

చైనాలోని యునాన్‌లో 1998, 1999లో వరి మీద దీన్ని ఊళ్లకు ఊళ్లే చేసి చూశాయి. రెండో ఏడు 3,342 హెక్టార్లు. తెగులును తట్టుకునే హైబ్రిడ్ వరి సాళ్ల మధ్య తెగులుకు లొంగే జిగురు వరిని ఒక్కో సాలు నాటారు. ఒంటరిగా వేసిన దానితో పోలిస్తే జిగురు వరిలో అగ్గితెగులు 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. జిగురు వరి పొడుగు, అందుకే దాని కంకులకు గాలి తగిలి మంచు త్వరగా ఆరింది. బీజం మొలవడానికి ఆకు తడిగా ఉండాలి మరి.

మన రాగిలోనూ ఇలా చేయవచ్చు. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానం ఇచ్చిన వకుళ రకం 105–110 రోజుల పంట. అగ్గితెగులును తట్టుకుంటుందని పేరున్న, 1996లో బెంగళూరు నుంచి వచ్చిన జి.పి.యు. 28 దాదాపు 110–115 రోజులది. కోతకు తేడా వారం మించకూడదు. మించితే ముందు పండింది రాలుతుంది, వెనకది పచ్చిగా కళ్లానికొస్తుంది. ఎకరాకు రకానికో కిలో చొప్పున విత్తనం శుద్ధి చేసి, వేరువేరు నారుమళ్లలో పోయాలి. మూడు వారాల నారును 30 సెంటీమీటర్ల ఎడంతో సాలు మార్చి సాలు నాటాలి. గొర్రుతో విత్తేవాళ్లు విత్తనాలు ముందే కలుపుకోవచ్చు. తెల్ల రాగిని మాత్రం ఎర్ర రాగితో కలపకండి, ధర పోతుంది.

రెండు రకాలకూ తట్టుకునే గుణం ఒకే జన్యువు నుంచి వస్తే కలిపి లాభం లేదు. ఆ జన్యువును దాటే బూజు వస్తే రెండూ ఒకేసారి పడిపోతాయి. నత్రజని మోతాదు మించినా అంతే, మెత్తబడిన ఆకు మీద తెగులు రెచ్చిపోతుంది. కళ్లంలో కలిసిన గింజనే మళ్లీ విత్తితే ఎక్కువ కాసిన రకం ఏటేటా పెరిగి రెండోది కనుమరుగవుతుంది. అందుకని కోతకు ముందే రకానికి రెండు మూడు సాళ్లు గుర్తు పెట్టి, ఆ కంకులు విడిగా కోసి, విడిగా నూర్చి, పేరు రాసి దాచుకోవాలి.