డబ్బాల్లో సర్దుకునే బీఫ్ స్టర్ ఫ్రై: అపోహలు - వాస్తవాలు

ఒకేసారి వండి మూడు నాలుగు రోజుల భోజనం డబ్బాల్లో సర్దే పని నాది. బీఫ్, కూరగాయలు కలిపి చేసే స్టర్ ఫ్రై ఇందుకు చక్కగా కుదురుతుంది. అయినా మర్నాటికి ముక్క సాగుతోందనీ, కూరగాయలు నీరుగారిపోతున్నాయనీ చాలామంది మానేస్తుంటారు. ఎక్కువసార్లు ఈ కింది నమ్మకాలే అందుకు కారణం.

అపోహ: బీఫ్ మెత్తబడాలంటే చాలాసేపు ఉడకాలి.

వాస్తవం: కూరకు వాడే కాలి కండ, భుజం కండ లాంటి వాటికి ఆ మాట నిజమే. వాటిలోని కొల్లాజెన్ (కండను గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్) కరగాలంటే సన్నని సెగ మీద గంటలు పడుతుంది. స్టర్ ఫ్రైకి సర్లాయిన్ (నడుము వెనక కండ), ఫ్లాంక్ (పొట్ట కింది కండ) లాంటి భాగాలు తీసుకుని, పల్చగా కోసి, పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాల్లో దించేయాలి. ముక్క మెత్తగా వస్తుందా లేదా అన్నది చాలావరకు కోసేటప్పుడే తేలిపోతుంది. మాంసంలో పోగులు ఎటు సాగాయో చూసి వాటికి అడ్డంగా కోయండి. పోగుల వెంబడి కోస్తే పంటికి సాగుతూనే ఉంటుంది. అరగంట ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే మాంసం కాస్త బిగుసుకుని, పల్చగా కోయడం సులువవుతుంది.

కోశాక అర కిలో ముక్కలకు అర టీస్పూన్ వంట సోడా, చెంచా కార్న్‌ఫ్లోర్, చెంచా సోయా సాస్ పట్టించి 20 నిమిషాలు ఉంచండి. సోడా వల్ల వేడికి మాంసంలోని ప్రొటీన్లు మరీ బిగుసుకోవు. రెండోసారి వేడి చేసుకునే వంటకానికి ఈ పని తప్పకుండా చేయాలని నా అభిప్రాయం. అయితే సోడా కొలత దాటితే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త.

అపోహ: అన్నీ ఒకేసారి బాణలిలో వేస్తే పని త్వరగా అయిపోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. చల్లటి ముక్కలు కుప్పగా పడగానే బాణలి వేడి తగ్గి, మాంసం నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్క ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు దాటాలి. అందుకే మాంసాన్ని రెండు మూడు వాయిలుగా వేయించి పక్కన పెట్టండి. తర్వాత క్యారెట్, బ్రోకలీ, చివర్లో క్యాప్సికమ్ వేసి, అప్పుడు మాంసం, సాస్ కలపండి. గుండ్రటి వోక్ లేదని టెన్షన్ పడకండి. ఇంటి స్టవ్ మీద వెడల్పాటి మందపాటి పెనం చాలు.

అపోహ: పెద్ద మంట మీద కాలిస్తే రసం లోపలే ఉండిపోతుంది.

ఉండదు. కాలిన పొర రుచినిస్తుంది, అంతే.

అపోహ: కూరగాయలు పూర్తిగా మగ్గితేనే నిలవ ఉంటాయి.

వాస్తవం: ఎన్నాళ్లు నిలవ ఉంటుందన్నది ఎంత త్వరగా చల్లార్చాం, ఎంత చల్లగా ఉంచాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. మళ్లీ వేడి చేసినప్పుడు కూరగాయలు ఇంకాస్త ఉడుకుతాయి కాబట్టి కొరికితే కరకరలాడే దశలోనే దించేయండి. ఇవాళ తినడానికి కాస్త పచ్చిగా అనిపిస్తే డబ్బాకు సరిగ్గా సరిపోయినట్టే.

అపోహ: పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇది ప్రమాదకరమైన నమ్మకం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. రాత్రంతా గట్టు మీద వదిలేసిన వంటను మళ్లీ ఎంత మరిగించినా నమ్మలేం, ఎందుకంటే కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషాలు వేడికి కూడా నశించవు. లోతు తక్కువ ఉన్న డబ్బాల్లో పల్చగా పరిచి, ఆవిరి తగ్గగానే, ఎలాగైనా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. పక్కన అన్నం పెట్టుకున్నా ఇదే నియమం. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. తినే ముందు మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా, అంటే 74 డిగ్రీల వరకు, వేడి చేయాలి. మైక్రోవేవ్‌లో అయితే చెంచాడు నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టి, మధ్యలో ఒకసారి కలపండి.