పిట్టగోడ ఎవరి కోసం? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

హన్మకొండలో ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. ఆరాధన అయ్యాక గేటు దగ్గర వినపడే మాటల్లోంచి కొన్ని ఏరాను. వీటిలో ఒకటి నా అపోహే.

అపోహ: నా తప్పు నాకూ దేవునికీ మధ్య విషయం.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 22:8 తీయండి. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడినప్పుడు హత్యదోషం ఆ ఇంటి మీదికి వస్తుందని ఉంది. ఆ రోజుల్లో మిద్దెలు చదునుగా ఉండేవి, మనం ఎండాకాలం డాబా మీదికి చేరినట్టే జనం పైకి చేరేవారు. ఇంటాయన ఎవరినీ తోయలేదు, గోడ కట్టలేదంతే. నిర్గమకాండం 21లో ఇంకో సంగతి: గొయ్యి తవ్వి మూత వేయకపోతే, అందులో పడి చచ్చిన ఎద్దుకు గొయ్యి తవ్వినాయనే డబ్బు కట్టాలి. మన కాలనీల్లో సగం కట్టిన ఇళ్ల సంపుల మీద రేకు ముక్క కూడా ఉండదు. కంకర నెలల తరబడి రోడ్డు మీదే. స్కూటీ జారితే మాత్రం "చూసుకుని నడపొద్దా" అంటాం.

అపోహ: ప్రార్థన కోసం చెబితే అది చాడీ కాదు.

ఇది నాది. మా సంఘంలో ఒక అక్క, ఎత్తుకున్న చిట్టీకి కిస్తీలు కట్టలేక, ఏడుస్తూ నాతో చెప్పుకుంది. ఆదివారం మైకులో నేను "మిషన్ కుట్టే మన సహోదరికి అప్పుల నుంచి విడుదల కలగాలని ప్రార్థిద్దాం" అన్నాను. పేరు చెప్పలేదు కదా అని ధీమా. మా సంఘంలో మిషన్ కుట్టేది ఆమె ఒక్కతే. సోమవారం ఏడింటికల్లా చిట్టీ నడిపే ఆయన వాళ్ల గడప ముందు కూర్చున్నాడు. బ్లౌజులు కుట్టడానికిచ్చిన ఇద్దరు, గుడ్డలు ఎక్కడ పోతాయో అని వెనక్కి తీసుకెళ్లారు. నా ఉద్దేశం మంచిదే. చిట్టీ ఆయనకు దాంతో ఏం పని?

ఇప్పుడు మా వాట్సాప్ ప్రార్థన గ్రూపులో ఎవరి సంగతి వాళ్లే పెట్టాలి. ఆస్పత్రి రిపోర్టులు, కుదరని సంబంధాలు, పిల్లలు పుట్టలేదన్న మాటలు ఇంకొకరు పెడితే తీసేస్తాను. దేవునికి వివరాలు తెలుసు, గ్రూపులో అందరికీ తెలియనక్కర్లేదు.

అపోహ: దేవుని పాటే కదా, సౌండ్ ఎంత పెడితే ఏంటి?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకులు పెట్టకూడదు. పండుగలకు ఏడాదిలో కొన్ని రోజులు రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 వరకు అనుమతి ఇవ్వొచ్చు, అంతే తప్ప దేవుని పాట అని మినహాయింపు లేదు. మా వెనకింట్లో ఇంటర్ చదివే బాబు ఉన్నాడని తెలిశాక బాక్సులు లోపలికి తిప్పాం. అంతకుముందే తిప్పాల్సింది.

అపోహ: కూలి రేపిస్తే కొంప మునుగుతుందా?

మునుగుతుంది, వాళ్ల కొంప. ఎనుమాముల మార్కెట్లో మిర్చి డబ్బులు చేతికి రాలేదని, ఏరిన ఆడవాళ్ల కూలి ఆపేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం పొద్దు గుంకక ముందే ఇవ్వాలి. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4.

అపోహ: దేవుడు క్షమించాడు, ఇక మనిషితో పనేముంది?

సహోదరునికి మన మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను బలిపీఠం ముందే వదిలి వెళ్లి సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23, 24). యేసును కలిసిన పన్నుల అధికారి జక్కయ్య ఉత్త కన్నీళ్లతో సరిపెట్టలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు.

నేను అక్క ఇంటికి వెళ్లాను. ఆమె మిషన్ ఆపలేదు. "అందరిల అన్నరు అయ్యగారూ, ఒక్కదాని ముందర క్షమాపణ అడుగుతున్నరు" అంది. నిజమే. కానీ మైకులో మళ్లీ ఆమె మాట ఎత్తితే పుండు మీద కారమే. ఆమెనే అడిగి, ఆమె ఒప్పుకున్నంత వరకే చెప్పాను: నన్ను నమ్మి చెప్పిన మాటను నేను బయటపెట్టాను, తప్పు నాది అని. క్రిస్మస్‌కి క్వయర్ బట్టలు ఆమెకే ఇచ్చాం, కుట్టుకూలి ముందే కట్టి. గుడ్డలు వెనక్కి తీసుకెళ్లిన ఇద్దరిలో ఒకరే తిరిగొచ్చారు.